ముండ్లపంది కోసం విడిచిన చెయ్యి

మా చిన్నాయినకు చూపు పోయి ఆరేండ్లయింది. అంతకుముందు కోహెడలో మక్కచేనుకు కావలి పోయి, మంచె మీద పడుకునే, వచ్చింది అడివిపందో నక్కో చప్పుడును బట్టి చెప్పేవాడు. చూపు పోయినప్పటి నుంచి పొద్దుగూకితే చిన్నమ్మ ఆయన్ను గడప దాటనివ్వదు.

పోయిన చలికాలం ములుగులో అడవుల చదువు చదివే పిల్లలు, చీకటి పడ్డాక జంతువులను చూపిస్తామని కొందరిని కోహెడ పక్క గుట్టల్లోకి తీసుకుపోయారు. సిద్దిపేట నుంచి నేనూ వస్తున్నానని తెలిసి చిన్నాయిన తనూ వస్తానని మొండికేశాడు. చిన్నమ్మ ససేమిరా అంది. నేను పూచీ పడ్డాను.

"సరే, చెయ్యి మాత్రం ఇడువకు బిడ్డా," అంది నాతో. ఆయనవైపు తిరిగి, "ఏమన్న అయితే గిదే ఆఖరు," అంది.

బండి దిగగానే ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు నన్ను పట్టుకోకురా. నీ మోచెయ్యి నేను పట్టుకుంట. నువ్వు ముంగట నడువు, నాకెరుకైతది," అన్నాడు.

"నువ్వు పడితే చిన్నమ్మ నన్ను బతకనియ్యది," అన్నాను. ఆరేండ్లుగా చీకట్లో నడుస్తున్న మనిషికి నడక నేర్పబోయాను. అంగట్లో మేకను గుంజుకుపోయినట్టు గుంజుకుపోయాను.

నా తెలివి అంతటితో ఆగలేదు. "అగో, ఆ బండ మీద గుడ్లగూబ," అన్నాను.

"అగో అంటే ఎటురా?" అని నవ్వాడు. పిల్లలూ నవ్వారు. నాకు కొంచెం కోపమే వచ్చింది.

కొంత దూరం పోయాక ఆయనే ఆగాడు. "ఉండుండ్రి. కుడిదిక్కు గలగలమంటుంది. ముండ్లపంది."

మాలో ఎవరికీ ఏమీ వినబడలేదు. ఒక పిల్లవాడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి అటు తిప్పాడు. నిజంగానే ముండ్లపంది, ముండ్లు లేపుకొని, మూతితో నేలను తవ్వుతోంది. చిన్నప్పటి నుంచి రాలిన ముండ్లను ఏరుకోవడమే తప్ప దాన్ని నేనెన్నడూ చూడలేదు. ఫోన్ తీశాను. ఫోటోకు రెండు చేతులూ కావాలి.

"ఒక్క నిమిషం, గీడనే నిలబడు," అన్నానని గుర్తు. అన్నానో, అన్నానని తర్వాత అనుకున్నానో ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను. అది కదిలింది, మేమూ కదిలాం. బండల వెనక్కు పోయింది, మేమూ పోయాం. అది పొదల్లో దూరాక ఫోటోలు ఎట్లా వచ్చాయో చూసుకుంటుంటే, ఒక అమ్మాయి అడిగింది, "సర్, మీ చిన్నాయిన ఏడున్నడు?"

నాకు నేనుగా గుర్తు రాలేదు. ఇంకొకరు అడగాల్సి వచ్చింది.

పరుగెత్తాను. విడిచినచోటే నిలబడి ఉన్నాడు. ఆసరాకు ఒక ముళ్లకొమ్మ పట్టుకున్నట్టున్నాడు, అరచేతిలో నెత్తురు. భయపడ్డ నేను ఆయనమీదే ఎగిరాను. "ఎందుకు పిలువలే?"

"పిలిస్తే అది ఉరుకుతది గదా. మీరు చూడాలె గదా," అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

ఇంటికి పోగానే చిన్నమ్మ ఆ అరచెయ్యి చూసింది. "గిదేంది? వీడు చెయ్యి ఇడిసిండా?"

"ఇడువలే. నేనే ఆగక కొమ్మ పట్టుకున్న," అన్నాడు చిన్నాయిన.

నోరు తెరిచాను, మూసుకున్నాను. నిజం చెప్తే ఆయనకు మళ్లీ అడివి లేదు. అందుకే చెప్పలేదని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కానీ చెప్పకుండా తప్పించుకున్నందుకు హాయిగా కూడా అనిపించింది, అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

"నీకప్పజెప్పితే నాకు రంది లేదు బిడ్డా," అని చిన్నమ్మ నా కంచంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.

నేను బయలుదేరుతుంటే చిన్నాయిన గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"మళ్ల ఎప్పుడు పోదాం?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు," అన్నాను.

కట్టు కట్టిన చేత్తో తడిమి నా మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"ఈపారి నేను పట్టుకుంట," అన్నాడు. "నువ్వు పట్టుకోకు."