గిర్నికి ఓర్చుకున్న డబ్బా

తొంభైల చివర్లో కొత్తకోటలో ఎన్ని ఇళ్ళలో కంప్యూటర్లు ఉండేవో నాకు తెలియదు. పిండి గిర్ని పక్క గదిలో కంప్యూటర్ పెట్టుకున్న ఇల్లు మాత్రం మాదొక్కటే అని గట్టిగా చెప్పగలను. గోడకు అటువైపు జొన్నలు పట్టే మోటరు, ఇటువైపు కార్ల పందెం. రెండూ ఒకే కరెంటు మీద బతకాలి. ఆ కరెంటు ఎలా ఉండేదో మా వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చేలల్లో బోర్లన్నీ నడిచే వేళ మా ట్యూబులైటు వెలగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించుకునేది.

ఆ కంప్యూటర్ కొన్నది కాదు, మేం కూర్చుకున్నది. నేను మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చదువుతూ రోజూ బస్సులో తిరిగేదాన్ని. మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నట్టు ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. వాడికి ఆటల పిచ్చి, నాకు విప్పి బిగించే పిచ్చి. హైదరాబాదు పోయినప్పుడల్లా ఒక్కో ముక్క తెచ్చాం. మదర్‌బోర్డు, ర్యామ్, ఆటల్లో బొమ్మలు బాగా కనబడటానికి ఒక కార్డు, ఇలా ప్రతిదానికీ వారాల తరబడి వాదించుకున్నాం. ఒక్క పవర్ సప్లై గురించే మాట్లాడుకోలేదు. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి ముక్కలకు సరిపడేలా మార్చి పంచే ఇనుప డబ్బా అది. కొన్న క్యాబినెట్‌లోనే బిగించి వచ్చింది. ఫుకట్‌గా వచ్చినదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

గిర్ని అమ్మది. బాపు పొద్దున చేనుకు పోతే సాయంత్రానికి వచ్చేవాడు. బెల్టు తొడగడం, విసిరే రాళ్ళకు గంట్లు కొట్టించడం, స్టార్టర్ గుంజడం అన్నీ అమ్మే. ఆమె స్టార్టర్ గుంజగానే మోటరు ఒక్క మూలుగు మూలిగి వీధిలో కరెంటంతా తానే తాగేది. లైటు గుడ్డిదయ్యేది, ఫ్యాను నీరసపడేది. ఇదంతా రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే మా కంప్యూటర్ ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి వెలిగేది. తమ్ముడు గోడ ఇవతల నుంచి గుండెలు పగిలేలా అరిచేవాడు.

"అమ్మా! ఆఖరి రౌండే! జర ఆగితే ఏం పోతుండె?"

"జొన్నలు తెచ్చినామె ఎండల నిలబడ్డది. నీ కారు కోసం ఆమెను నిలబెట్టాల్నా?"

ఈ గొడవలో నేను అమ్మ వైపే ఉండేదాన్ని, వాణ్ణి ఏడిపించడం కోసం. అయితే ఒక మధ్యాహ్నం అమ్మ, అంతగా అరిచేంత ఏముందో చూద్దామని వచ్చి కుర్చీలో కూర్చుంది. తమ్ముడు ఆమె వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టాడు. అంతే, మా అమ్మ మాకు కాకుండా పోయింది.

ఆమె నడిపే తీరు చూసి తీరాలి. పందెంలో ఉన్న మిగతా కార్లన్నీ దూసుకుపోతుంటే ఆమె రోడ్డుకు ఎడమ పక్కన బుద్ధిగా పోయేది. మలుపు వస్తే బ్రేకు వేసి, ఎదురుగా ఎవరూ రావడం లేదని నమ్మకం కుదిరాకే తిప్పేది. కొండలు, సముద్రం కనిపిస్తే చూడటానికి బండి ఆపేది. "అమ్మా, గిది పందెం" అని తమ్ముడు నెత్తి కొట్టుకుంటే, "ఉరికేటోళ్ళను ఉరకనీ. నేను రోడ్డు చూస్తున్న" అనేది. నాకు నవ్వాగేది కాదు.

ఒక్కటే బాధ. ఆమె పందెం ఎన్నడూ పూర్తి కాలేదు. నాలుగు రౌండ్లు తిరిగితే పందెం అయిపోతుంది. రెండో రౌండులో ఉండగా ఎవరో ఒకరు జొన్నల డబ్బాతో వాకిట్లో కేక వేసేవాళ్ళు. ఆట ఉన్నచోటే ఆగేలా చేసే మీట ఉందని తమ్ముడు చూపించాడు. ఆమె ఆ మీట నొక్కి లేచేది, గిర్ని షురూ చేసేది. తిరిగి వచ్చేసరికి కంప్యూటర్ ఆరి వెలిగి, ఆమెను మళ్ళీ మొదటి గీత దగ్గర నిలబెట్టి ఉండేది. అన్నం తింటుండగా లేవడం, తల దువ్వుకుంటుండగా లేవడం ఆమెకు అలవాటే. కానీ ఆ మొదటి గీతను చూసినప్పుడు ఆమె ముఖం చిన్నబోయేది. అది చూడలేక నేను వాదన మానేసి ఉపాయం వెతకడం మొదలుపెట్టాను.

ముందు ఫ్రిజ్జు కింది స్టెబిలైజర్ తెచ్చి పెట్టాం. అది టిక్కుటిక్కుమంటూ సర్దుకునేలోపే కంప్యూటర్ ఆరిపోయేది. యూపీఎస్ పెడదామంటే, దాని ధర విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు తమ్ముడు కంప్యూటర్ వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్ కనిపెట్టాడు. ఒక పక్క రెండు వందల ముప్ఫై వోల్టులని, ఇంకో పక్క నూట పదిహేను అని రాసి ఉంది. దేశాన్ని బట్టి పెట్టుకోవాలన్నమాట.

"అక్కా, మనకు ఏనాడన్న రెండు నూర్ల ముప్ఫై వచ్చిందా? మనది నూట యాభై దాటదు. మనకు నూట పదిహేనే దగ్గర" అన్నాడు.

కోర్సు చదువుతున్న నాకు కూడా ఆ తర్కం బంగారంలా కనిపించింది. స్విచ్ జరిపాం. అద్భుతం! గిర్ని షురువైనా కంప్యూటర్ చెక్కుచెదరలేదు. మా తెలివికి మేమే మురిసిపోయాం. ఆ సాయంత్రం చేలకిచ్చే కరెంటు బందయింది. బోర్లన్నీ ఆగాయి. నిండు కరెంటుకు ట్యూబులైటు పాలు పోసినట్టు వెలిగింది. ఆ మరుక్షణం కంప్యూటర్ వెనక ఢామ్మని మోగి, గదంతా కాలిన వాసన నిండింది. మా ఊళ్ళో కరెంటు బాగా రావడం వల్ల పాడైన వస్తువు అదొక్కటే అయి ఉంటుంది.

మర్నాడు హైదరాబాదుకు బయల్దేరాం. అమ్మ గిర్ని తలుపుకు తాళం వేసి మాతో వచ్చింది. "నువ్వెందుకే అమ్మా?" అంటే, "నాది నడుమల ఆగిపోయింది" అంది. కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి బస్సులో దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. షాద్‌నగర్ దాటాక పక్క సీటామె, జ్వరమొచ్చిన పిల్లాడనుకుందేమో, దవాఖానకా అని అడిగింది. అమ్మ అవునంది.

కోఠిలో మేం ముక్కలు కొనే దుకాణం సాయిబు ముందుగా మా కంప్యూటర్‌కు తన డబ్బా తగిలించి చూశాడు. తెర వెలిగింది. పోయింది పవర్ సప్లై ఒక్కటే, మిగతావి బతికాయి. నాకు అక్కడే ఎగరాలనిపించింది. తర్వాత ఆయన రెండు కొత్త డబ్బాలు బల్ల మీద పెట్టాడు. రెండింటి మీదా ఒకే వాట్లు రాసి ఉన్నాయి. ఒకటి ఖాళీ బిస్కెట్ డబ్బాలా తేలిగ్గా ఉంది, రెండోది లేపితే మణికట్టు వంగింది.

"రాసింది ఒక్కటే కదా, తేడా ఏంది?" అన్నాన్నేను.

"రాసుడుకేం, ఎవరన్న రాస్తరు" అని ఆయన రెండింటి మూతలూ విప్పి చూపించాడు. కరెంటు తగ్గిన క్షణాన అక్కరకొచ్చేలా కాస్త దాచిపెట్టే కెపాసిటర్లు తేలిక డబ్బాలో చిటికెన వేలంత ఉన్నాయి. బరువు దాంట్లో బొటనవేలి కంటే లావుగా ఉన్నాయి. అమ్మ వాటిని చూడలేదు, ఆయన్ని చూసింది.

"అవన్ని నాకెర్క లేదు భాయ్. మా గిర్ని షురువైతే గిది ఆగుతదా, ఉంటదా?"

ఆయన నవ్వాడు. "అమ్మా, నా దుకాన్ల అన్ని దొరుకుతయి గని మీ ఊరి కరెంటు దొరకదు. రెండూ తీస్కపోండ్రి. మీ గిర్ని ముందల పెట్టి చూడుండ్రి. ఓడింది వాపస్ తెండ్రి."

అలా మా గిర్ని పరీక్షాధికారి అయింది. మర్నాడు ముందుగా తేలిక డబ్బా బిగించాం. కానీ గింజ లేకుండా గిర్ని నడపడానికి అమ్మ ఒప్పుకోదు, రాళ్ళు పాడవుతాయని. ఎన్నడూ లేంది, గిరాకీ కోసం తమ్ముడు వాకిట్లో నిలబడి ఎదురుచూశాడు. ఎదురింటి పెద్దమ్మ జొన్నల డబ్బాతో రావడంతోనే వాడు సంబరంగా ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. అమ్మ పందెం మొదలుపెట్టి, మీట నొక్కి ఆపి, వెళ్ళి స్టార్టర్ గుంజింది. మూలుగు, గుడ్డి లైటు, నల్ల తెర. తేలిక డబ్బా ఓడిపోయింది. తమ్ముడు ఉరికి చెప్పగానే అమ్మ గిర్ని బందు చేసింది.

"సగం పట్టి ఆపినవేందే?" అంది పెద్దమ్మ.

"జర కూసో అక్కా, పనున్నది" అంది అమ్మ. ఆ గిర్నిలో గిరాకీని కూర్చోబెట్టడం నేను చూడటం అదే మొదలు.

నేను మరలు విప్పి బరువు డబ్బా బిగించాను. తొందరలో రెండు మరలు కింద పడేశాను. అమ్మ మళ్ళీ మొదటి గీత నుంచి బయల్దేరింది. మూడో రౌండులో కొండ మలుపు దగ్గర మీట నొక్కి, కొంగు నడుముకు చుట్టి లేచింది. తమ్ముడూ నేనూ తెర ముందుకు జరిగాం. గోడ అవతల మోటరు మూలిగింది. లైటు గుడ్డిదయింది. తెర మీద బొమ్మ అంచులు లోపలికి ముడుచుకుని, మళ్ళీ సాగాయి. కారు మలుపులోనే ఉంది.

ఇద్దరం అరిచిన అరుపు గిర్ని చప్పుడులో అమ్మకు వినబడలేదు. ఆమె పెద్దమ్మ జొన్నలు చివరి గింజ దాకా పట్టి, మోటరు ఆపి, కనుబొమల మీద పిండితో వచ్చింది. మేం కుర్చీ జరిపి ఇచ్చాం. కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుని తెర వైపు చూసింది. అదే కొండ, అదే మలుపు, కారు వెనక లేచిన దుమ్ము కూడా గాలిలో అలాగే ఉంది.

"ఏందమ్మా, నొక్కు!" అన్నాడు తమ్ముడు.

"ఉండు కొడుకా" అంది. ఆమె కళ్ళు నవ్వుతున్నాయి, తడిగా కూడా ఉన్నాయి. "పొద్దుగాల లేస్తె నేనే అందరి కోసం ఆగుత. గిదొక్కటి నా కోసం ఆగింది. జర చూస్కోనీ."

పిండి డబ్బాకెత్తి ఇమ్మని పెద్దమ్మ అవతల నుంచి కేక వేసింది. అమ్మ లేవలేదు.