ఉత్తరానికి తిరిగిన పడవ

"...అయితే సూర్యుణ్ణి కాసేపు ఆగమని చెప్పనా, అమ్మాయ్? నా మాట వింటాడో లేదో గానీ, అడిగి చూస్తాను."

"వెటకారం వద్దు బాబాయ్. ఆగాల్సింది సూర్యుడు కాదు, నువ్వు."

తురయా మా షేలా ఊరి రేవు మెట్ల మీద నిలబడి ఉంది. మా బావ షెకువే కింద పడవలో, చుక్కాని మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. నేను అడుగున చేరిన నీళ్ళు తోడి పోస్తున్నాను. మధ్యలో నోరు విప్పితే ఇద్దరూ కలిసి నా మీద పడతారని తెలుసు.

తురయా మా పాత స్నేహితుడి కూతురే. రేవు పక్కనున్న గెస్ట్‌హౌస్‌లో అతిథుల వ్యవహారాలన్నీ చూసేది తనే. సాయంత్రం పూట ఐదారుగురిని మా పడవ ఎక్కిస్తుంది. మేము వాళ్ళని లామూ, మాండా దీవుల మధ్యనున్న సముద్రపు పాయలో తిప్పి, మాండా వైపు మడ చెట్ల దగ్గర లంగరు వేస్తాం. ఎదురుగా ఊరి వెనక సూర్యుడు దిగడం చూపించి, చీకటి పడుతుండగా వెనక్కి తెస్తాం.

"నిన్నటి పెద్దాయన ఏమన్నాడో తెలుసా? సముద్రాలు దాటి వస్తే, సరిగ్గా సూర్యుడు దిగేవేళకి పడవ నడిపేవాళ్ళిద్దరూ మమ్మల్ని గాలికి వదిలేసి నమాజుకి నిలబడ్డారన్నాడు."

"గాలికి వదల్లేదు. లంగరు వేశాను."

"ఒడ్డుకొచ్చాక చదువుకుంటే ఏం పోయింది? ప్రయాణంలో ఉన్నవాడు పొద్దుగూకేవేళ మగ్రిబ్‌ని రాత్రి నమాజుతో కలిపి చదువుకోవచ్చని మదరసాలో నాకూ చెప్పారు."

"ప్రయాణమా!" బావ రేవు మీదున్న మిగతా పడవలవాళ్ళ వైపు తిరిగాడు. "వింటున్నారా? ఇక్కణ్ణించి అదిగో, ఆ ఒడ్డుకి వెళ్ళడం ప్రయాణమట. మీ పిన్ని ఇంట్లోంచి కేకేస్తే నాకు అక్కడికి వినిపిస్తుందమ్మా. పెళ్ళాం కేక వినిపించినంత దూరం ప్రయాణం ఎలా అవుతుంది?"

పడవలవాళ్ళు పగలబడి నవ్వారు. తురయా నవ్వలేదు.

"పోనీ, ఆకాశంలో ఎరుపు పోయేదాకా వేళ ఉంటుంది కదా."

"ఉంటుంది. ఆలస్యం చేసేవాడికి."

"సరే బాబాయ్. ఇంకొక్క ఫిర్యాదు వస్తే సాయంత్రం వాళ్ళని వేరే పడవ ఎక్కిస్తాను. తర్వాత నన్ననుకోవద్దు."

ఆ మాటకి నేను నీళ్ళు తోడడం ఆపేశాను. చెక్క పడవని ఏడాదికోసారి ఒడ్డుకు లాగి, సందుల్లో దూది కూరి, నూనె పట్టించకపోతే రెండో ఏటికి అది కట్టెల మోపు. మాకు ఆ ఖర్చుకి ఆధారం సాయంత్రం అతిథులే. ఆ సంగతి బావకి నాకంటే బాగా తెలుసు. అయినా జేబులోంచి సగం కుట్టిన టోపీ తీసి, సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. రేవులో ఖాళీ దొరికితే చాలు, టోపీ మీద చిన్న చిన్న కన్నాల పువ్వులు కుడుతూ ఉంటాడు. ఆ చేతులు ఒక నిమిషం ఊరికే ఉండగా నేను చూడలేదు.

మా సోమోయె అక్కని బావకిచ్చి చేసేనాటికి ఆయన తన తండ్రి, అంటే మా మామయ్య, నడిపే పెద్ద పడవలో పనిచేసేవాడు. మడ చెట్ల దుంగలు కొట్టి, ఆ పడవకెత్తి, ఉత్తరాన అరబ్బుల రేవులదాకా తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు ఖర్జూరం, తివాచీలు, ఊరంతా చెప్పుకోవడానికి సరిపడా కథలు. ఆ పడవలో గాలి ఎలా ఉన్నా, సరుకు ఎవరిదైనా, పొద్దుగూకేవేళకి మామయ్య తెరచాప కొయ్య పక్కన నిలబడి నమాజుకి పిలుపుగా అజాన్ ఇచ్చేవాడట. ఒకసారి ఒక వర్తకుడు, గాలి బాగుంది, ఈ పూటకి ఆపకు అన్నాడట. "గాలి నీకోసం రాలేదు, నాకోసమూ రాలేదు, పంపినవాడితో ఒక మాట చెప్పి బయల్దేరదాం" అన్నాడట మామయ్య. ఈ కథ బావ నాకు చాలాసార్లు చెప్పాడు. ఆ వర్తకుడు మాత్రం ఒక్కోసారి మస్కట్ వాడు, ఒక్కోసారి ముకల్లా వాడు.

తర్వాత దుంగలు కొట్టడం ఆగిపోయింది. పెద్ద పడవలు ఒడ్డున పడి ఎండిపోయాయి. బావ కొన్నాళ్ళు చేపలు పట్టాడు, కొన్నాళ్ళు ఇళ్ళకి సున్నపురాయి మోశాడు. చివరికి ఈ చిన్న పడవ కట్టించుకున్నాడు. ముక్కు మీద 'ఉసిహుసుదు' అని తనే రంగుతో రాశాడు. మా స్వాహిలీలో, అసూయపడకు అని. "నిన్ను చూసి అసూయపడేదెవర్రా, కాకులా?" అని రేవులో అందరూ ఏడిపించారు. చెరపలేదు. ఇంజను పెట్టించుకోమని చాలామంది చెప్పారు. పెట్టించలేదు. ఏటేటా జరిగే పడవ పందెంలో ఒకసారి, ఎవరో పెద్దమనిషి కొడుకు పడవకి దారి ఇవ్వమని కబురొచ్చింది. ఇచ్చాడు. ముందు దాన్ని దాటేసి, గెలుపు గీత అవతల ఇచ్చాడు.

"వద్దు అనడం మీ బావకి ఉగ్గుపాలతో పెట్టిన విద్య" అంటుంది అక్క. "పెళ్ళికి మాత్రం ఎలా ఊఁ అన్నాడో ఇప్పటికీ అర్థం కాదు."

ఆ గొడవ జరిగిన సాయంత్రం తురయా కూడా పడవ ఎక్కింది. తన కళ్ళతో చూస్తానంది. చేతులు కట్టుకుని వెనక కూర్చుంది. బావ అతిథులకి రోజూ చెప్పే మాటే చెప్పాడు. "సూర్యుడు దిగగానే మేమిద్దరం కాసేపు మా పని చూసుకుంటాం. మీరు మీ పని చూసుకోండి. పడవ ఎక్కడికీ పోదు."

ఉత్తరపు గాలి వీచే నెలల్లో, పోటు మరీ ఎదురు తన్నకపోతే, లంగరు వేసిన పడవ ముక్కు దానంతటదే ఉత్తరానికి తిరుగుతుంది. మాకు మక్కా కూడా ఉత్తరమే. అతిథులు మెత్తల మీద కూర్చుని పడమటికి చూస్తారు. మేము ముందు భాగంలో ఉత్తరానికి నిలబడతాం. ఆ రోజూ అంతే. తెరచాప దించాం. వంగి సముద్రపు నీళ్ళతో చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకున్నాం. ఎదురుగా ఎవరూ నడవకుండా ఉండడానికి బావ లంగరు తాడు చుట్టచుట్టి గుర్తుగా పెట్టాడు. మెల్లిగా, మా ఇద్దరికే వినిపించేలా అజాన్ ఇచ్చాడు. అవతలి ఒడ్డున ఊళ్ళో మసీదులన్నీ ఒక్కసారే అందుకున్నాయి.

అయ్యాక వెనక్కి తిరిగితే తురయా తలమీద ముసుగు సరిచేసుకుంటోంది. నైరోబీ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఫిర్యాదు రాకపోగా, ఇంకొకటి వచ్చింది. ఆ డాక్టరమ్మ వెనకనుంచి ఒక ఫొటో తీసింది. ఎర్రటి ఆకాశం, దానికి అడ్డంగా వంగిన బావ వీపు. అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో గానీ, రేవులో దిగినవాళ్ళు ఫోను చూపించి "ఈ పడవ ఏది?" అని అడగడం మొదలుపెట్టారు. పడవలవాళ్ళకి ఇక పండగే.

"ఏం ఇమాం గారూ, ఇవాళ ఎన్ని సజ్దాలకి వంగారు, ఎన్ని ఫొటోలు పడ్డాయి?"

"మా వైపు కూడా ఒకసారి వంగవయ్యా, మా పడవలకీ గిరాకీ వస్తుంది!"

బావ టోపీ కుట్టుకుంటూ వినేవాడు. ఒక పువ్వు తప్పుగా పడితే దారం తెంపి మళ్ళీ కుట్టేవాడు.

తురయా ఒక రోజు ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగు అంగీ పట్టుకొచ్చింది. రేవు మెట్ల పక్కన ఒక కొత్త బోర్డు కూడా పెట్టించింది. దాని మీద బావ వీపు. కింద పెద్ద అక్షరాలతో: సూర్యాస్తమయం, సమోసాలు, నావికుడి ప్రార్థన.

బావ దాన్ని చాలాసేపు చూశాడు. "సమోసాలు నాకంటే ముందు రాశావు. న్యాయమే" అన్నాడు.

"బాబాయ్, మొన్న నేను అన్నవన్నీ మర్చిపో. నువ్వన్నదే నిజం. ఇక నిన్ను ఎవరూ ఆపమనరు. ఆ పాత లుంగీ మాత్రం వద్దు. ఇది వేసుకో. ఇంకో మాట, కొంచెం ఇటు పక్కగా నిలబడితే సూర్యుడు సరిగ్గా నీ వెనక వస్తాడు."

"మక్కా ఎటు పక్కనుంటే అటే నిలబడతాను."

"సరే, అంగీ అయినా వేసుకో."

అంగీ వేసుకున్నాడు. శుభ్రమైన బట్ట, నమాజుకి మంచిదేగా అంది అక్క. కుట్టడం పూర్తయిన కొత్త టోపీ కూడా పెట్టుకున్నాడు. అక్క తాటాకు బుట్టలో సమోసాలు సర్ది, మూత పెట్టి నా చేతికిచ్చింది. "మీ బావ పెళ్ళికొడుకులా ఉన్నాడు, జాగ్రత్తగా తీసుకురా" అంది.

ఆ సాయంత్రం ఎక్కిన ఆరుగురూ బోర్డు చూసి వచ్చినవాళ్ళే. దారిలో తీరం చూడలేదు, మడ చెట్ల మీద వాలిన కొంగల్ని చూడలేదు. "ఎప్పుడు మొదలవుతుంది?" అని రెండుసార్లు నన్నడిగారు. లంగరు వేసి, తెరచాప దించి, మేము నిలబడగానే ఆరుగురూ ఒకే పక్కకి జరిగారు. పడవ ఆ పక్కకి ఒరిగింది. నేను కాళ్ళు ఎడం చేసి నిలదొక్కుకున్నాను. సూర్యుడు దిగిన చోట ఆకాశం వాళ్ళ వెనక ఎర్రబడుతోంది. ఒక్కరూ అటు తిరగలేదు.

మగ్రిబ్‌కి చదవాల్సిన మూడు రకాత్‌ల్లో, అంటే మూడు విడతల్లో, రెండోదానిలో ఉండగా ఒకతను తాడు చుట్ట దాటి ముందుకొచ్చాడు. బావ నుదురు ఆనించే చోటికి జానెడు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోను ఎత్తాడు. నమాజు చేసేవాడికి ఎదురుగా మావైపు పిల్లలు కూడా నడవరు. బావ ఆగలేదు. కానీ తర్వాత ఒకచోట, ఆయన ఎప్పుడూ ఆగని చోట ఆగాడు. నేను ఆయన కుడి పక్కన, కొంచెం వెనగ్గా నిలబడి ఎదురు చూశాను. కాసేపటికి మళ్ళీ వంగాడు.

సలాంతో నమాజు ముగించి లేవగానే ఆ ఫోనతను నవ్వుతూ తన భాషలో ఏదో అడిగాడు. ఆఖరిసారి వంగినప్పుడు మొహం మీద వెలుతురు పడలేదట. ఇంకొక్కసారి వంగుతారా అని.

నేను బావకి చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అర్థమైంది. అయిపోయిందని చెప్పు."

"రేపు ఉంటుందా అంటున్నాడు బావా."

"సూర్యుడు దిగితే ఉంటుందని చెప్పు."

తిరుగుదారిలో ఆయన చుక్కాని నా చేతికిచ్చాడు. నాకు గుర్తున్నంతలో అతిథులున్నప్పుడు అలా ఎప్పుడూ ఇవ్వలేదు. నా పక్కన కూర్చుని, మా ఇద్దరికే వినిపించేలా అడిగాడు.

"నేను చదివింది మూడు రకాత్‌లా, రెండా?"

"మూడే బావా. నేను లెక్కపెట్టాను."

"నాకు లెక్క తప్పింది. ఇన్నేళ్ళలో తుఫానులో కూడా తప్పలేదురా."

"వాడు అలా ఎదురొచ్చి కూర్చుంటే ఎవరికైనా తప్పుతుంది."

"వాడివల్ల కాదు." తల మీంచి టోపీ తీసి చేతిలో తిప్పాడు. "వంగబోతూ టోపీ సరిచేసుకున్నాను. అది కొంచెం పక్కకి జరిగింది. జరిగితే ఏం? దేవుడికి నా టోపీతో ఏం పని? అయినా సరిచేసుకున్నాను ఫమావ్. ఎవరికోసం చేసుకున్నాను?"

గాలి పడిపోతోంది. తెరచాప అంచు సడలకుండా తాడు కొంచెం బిగించాను.

రేవు దగ్గరికి వచ్చేసరికి తురయా దీపం పట్టుకుని మెట్ల మీద సిద్ధంగా ఉంది. అతిథులు ఒక్కొక్కరే దిగి ఆమెకి ఫోన్లు చూపించి వెళ్ళారు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"బాబాయ్, రేపటికి రెండు జట్లు! ఒక జట్టుని అవతలి పడవలో నీ పక్కనే నిలబెడితే—"

బావ అంగీ విప్పాడు. లోపల పాత లుంగీ, చొక్కా ఉన్నాయి. అంగీని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. మెట్లెక్కి, బోర్డుని గుంజ నుంచి ఊడదీసి, బొమ్మ లోపలికి ఉండేలా గోడకి చేరవేశాడు.

"ఏమైంది? ఎవరైనా ఏమైనా అన్నారా?" అంది తురయా.

"ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళు కొనుక్కున్నదాన్ని వాళ్ళు అడిగారు."

"బోర్డు వద్దంటే తీసేద్దాం బాబాయ్. నీకు ఇబ్బందిగా ఉంటే ఒడ్డుకొచ్చాకే చదువుకో. చూసేవాళ్ళే ఉండరు. నేను ముందునుంచీ చెప్తున్నదే కదా అది."

"ముందు వద్దన్నావు. తర్వాత అమ్మావు. ఇప్పుడు దాచుకోమంటున్నావు."

"మరి నన్నేం చెయ్యమంటావు? కోపంలో సాయంత్రం పడవ మానేస్తానని మాత్రం అనకు. నీ మొండితనానికి పిన్ని, ఫమావ్ మామయ్య ఎందుకు మాడాలి?"

బావ నా వైపు చెయ్యి చాపాడు. "ఆ బుట్ట ఇలా ఇవ్వు."

మిగిలిన సమోసాలు గుడ్డలోకి తీసి ఖాళీ బుట్ట ఇచ్చాను. ఆయన దాన్ని బోర్లించి అడుగున తట్టి, పొడి దులిపి, రేవు మొదటి మెట్టు మీద పెట్టాడు. మూత పక్కన పెట్టాడు.

"మానను" అన్నాడు. "రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. ఎప్పటి చోటే లంగరు, ఎప్పటి వేళకే నమాజు. నా పడవ ఎక్కేవాళ్ళు ఫోన్లూ కెమెరాలూ ఇందులో వేసి, నీ దగ్గర ఉంచి ఎక్కాలి. ఒక్కరు కూడా రాకపోతే నేనూ ఫమావూ వెళ్ళొస్తాం."