ఆరని రంగు

పెడనలో గుడ్డ బేరమాడుతుండగా ఫోను మోగింది. మా ఆయన. "వదిన పోయింది, వచ్చెయ్" అన్నారు. ఆ గుడ్డ కోసం నన్ను పొద్దున్నే తరిమింది ఆవిడే. "ముదురు రంగు తే, నీకు లేత రంగుల పిచ్చి" అని గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. నేను పెడన చేరేలోపు కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కి, మరి లేవలేదట. నా మొహం చూసి కొట్టతను "ఏమైందమ్మా?" అన్నాడు. చెబితే ముందు నమ్మలేదు. తర్వాత ఆ ముదురు ఎరుపు గుడ్డనే మడిచి సంచీలో పెట్టి, "ఆవిడ చెప్పిందిగా, తీసుకెళ్లండి" అన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని బందరు దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

ఆవిడ నాకు తోబుట్టువు కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. నోరారా అక్కా అని పిలిచేదాన్ని. తోడికోడళ్లంటే పొయ్యి దగ్గర మూతివిరుపులు, మొగుళ్ల దగ్గర చాడీలు అనుకునే ఊహతోనే నేనూ కాపురానికొచ్చాను. ఆ ఊహ మొదటి వారంలోనే గంగలో కలిసింది.

మా ఇంటి ముందు పొడుగాటి వరండా ఉంది. అందులో నాలుగు ఇనప కుర్చీలు, ఇద్దరు పట్టే ఒక ఇనప బెంచీ. ఎక్కడో పాత బంగళా సామాను వేలం వేస్తుంటే మా మావగారు కొన్నారట. వాటికి చెక్కలుండవు. ఊచల మధ్య మందపాటి గుడ్డ బిగించి ఉంటుంది, దాని మీదే కూర్చోవాలి. సముద్రం గాలికి బందరులో ఇనుము ఏడాది తిరిగేసరికి తుప్పు పడుతుంది, గుడ్డ ఎండకి పిగిలిపోతుంది. అందుకని ఏటా ఎండలు ముదరగానే అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపి వాటి పని పట్టేది.

నేను కొత్తకోడల్ని. వరండాలోంచి కేకేసింది. "అమ్మాయ్, లోపల అలమరలో ఉప్పు కాగితం ఉంటుంది, పట్రా!" నాకేం తెలుసు? మా పెదపారుపూడిలో ఇనప కుర్చీలున్నదెవరికి, రుద్దిందెవరు? అలమరంతా వెతికాను. కనపడలేదు. సరే, ఈవిడకి ఉప్పు కావాలి, కాగితంలో కావాలి అనుకుని పేపరు ముక్కలో గుప్పెడు రాళ్లుప్పు పొట్లం కట్టి తీసుకెళ్లి ఇచ్చాను. పొట్లం విప్పింది. ఉప్పు వంక చూసింది, నా వంక చూసింది. "ఓసి నీ తెలివి తెల్లారా! సాండ్ పేపరే పిల్లా, తుప్పు గోకే కాగితం!" అని నేల మీద చతికిలపడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. అక్కడితో ఊరుకుందా? వీధి వీధంతా చెప్పింది. మా పిల్లల పెళ్లిళ్లలో వియ్యాలవారికి కూడా చెప్పింది మహాతల్లి.

పనిలో మాత్రం తొందర ఉండేది కాదు. తుప్పంతా గోకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎర్రటి ప్రైమరు వేసి, అది ఆరాకే ఆకుపచ్చ రంగు వేసేది. నేను బద్ధకించి తుప్పు మీదే కుంచె పెట్టబోతే, "దెయ్యానికి చీర కడతావా?" అని చెయ్యి లాగేది. గుడ్డకి మాత్రం పెడన వెళ్లి, అద్దకంలో అచ్చు పక్కకి జరిగిపోయి అమ్ముడుపోని కలంకారీ ముక్కలు ఏరి తెచ్చేది. నెమలి ఒకచోట, దాని తోక ఇంకోచోట. ఇదేం అందం అక్కా అంటే, "కూర్చున్నాక కనపడదు లేవే" అనేది. ఆ ముక్కలు ఉతికి నీడన ఆరేసి, రెండు వరసలు కలిపి దబ్బనంతో కుట్టేది. కుట్టేటప్పుడు ఆవిడ నాలిక ఒక పక్కకి బయటికొచ్చేది. నేను వెక్కిరిస్తే లోపలికి పోయేది, మళ్లీ వచ్చేది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. కోడూరు దగ్గర మావగారి పొలం అన్నదమ్ములిద్దరికీ చెరి సగం వచ్చింది. బావగారు తన సగం రొయ్యల చెరువుకి ఇచ్చారు. ఆ ఉప్పునీళ్లు గట్టు కింద నుంచి ఊటలా దిగి మా సగంలోకొచ్చాయి. నాట్లేసిన వరి మాడి పసుపుపచ్చగా అయిపోయింది. మా ఆయన గట్టు మీద నిలబడి, ఊళ్లోవాళ్ల ముందు, అన్నగారిని అనకూడని మాటలన్నారు. ఆయనా ఊరుకోలేదు. అంతే, మాటలు బంద్. ఒకే ఇల్లు, ఒకే వరండా, మాటల్లేవు. "మోటారు కట్టేశారేమో అడగమను" అని మా ఆయన నాతో, నేను అక్కతో, అక్క బావగారితో. జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి. ఏళ్లు గడిచాయి. ఒకరుంటే ఇంకొకరు వరండాలోకి వచ్చేవారు కాదు. తప్పక వస్తే చెరో కొసన కుర్చీ లాక్కుని వీధి వంక చూస్తూ కూర్చునేవారు. "వీళ్లిద్దరూ ఇలాగే పోతారేమోనే" అని అక్క ఒక్కసారే నాతో అంది. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

ఆ ఏడు ఎండల్లో సాయంత్రం పూట కరెంటు తీసేవాడు. ఇంట్లో ఉడికిపోయి అందరూ వరండాలోకి రావాల్సిందే. అక్క సరిగ్గా అప్పుడే నాలుగు కుర్చీలకీ రంగేసింది. బెంచీకి మాత్రం ముందే వేసి, ఆరాక కొత్త గుడ్డ బిగించి ఉంచింది. మగవాళ్లిద్దరూ బయటికొచ్చారు. "కుర్చీలు ముట్టుకోకండి, పచ్చి రంగు" అంది అక్క. మొదటి రోజు ఇద్దరూ నిలబడే ఉన్నారు. రెండో రోజూ "ఇంకా ఆరలేదు" అంది. ఆ మర్నాడూ అంతే. "సముద్రం గాలి కదండీ, ఆరదు మరి" అంటూ విసనకర్రతో విసురుకుంది.

నాకు అనుమానమొచ్చింది. అంత ఎండలో అన్నేసి రోజులు ఆరని రంగెక్కడైనా ఉంటుందా? వెళ్లి కుర్చీ వీపు ముట్టుకుంటే రాయిలా ఎండిపోయి ఉంది. చేతులు మాత్రం తడి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తొంగి చూశాను. అక్క చప్పుడు కాకుండా వరండాలో కూర్చుని కుర్చీ చేతులకి, అంచులకి మళ్లీ రంగు పూస్తోంది! నన్ను చూసి కంగారు పడలేదు. "నిలబడి చూస్తావేంటే, రెండో కుంచె అక్కడుంది" అంది. ఇద్దరం చెరో రెండు కుర్చీలూ పూసేశాం.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. నిలబడీ నిలబడీ కాళ్లు లాగి మా ఆయన బెంచీ ఈ కొసన కూర్చున్నారు. కాసేపటికి బావగారు ఆ కొసన. ఆ బెంచీకి మధ్యలో ఊచ ఉండదు. ఎప్పుడూ తప్పెటలా బిగించి కుట్టే మనిషి, ఆ ఏడు గుడ్డ వదులుగా కుట్టింది. బావగారు భారీ మనిషి. గుడ్డ గుంటపడి ఇద్దరూ చెరో వైపు నుంచీ మధ్యలోకి జారారు. భుజం భుజం తగిలింది. నేను కిటికీ వెనక పమిట నోట్లో కుక్కుకున్నాను.

"జరుగు" అన్నారు బావగారు.

"ఎక్కడికి జరగనన్నయ్యా? గుడ్డ వదులైపోయింది."

"మీ వదిన కుట్టిన కుట్టు ఇలా ఏడ్చింది."

మా ఆయన నవ్వారు. ఆయన నవ్వితే బావగారికి నవ్వాగలేదు. వంటింట్లో అక్క గోడకి ఆనుకుని కళ్లొత్తుకుంటోంది. నేను వెళ్లి పట్టుకున్నాను. మా ఇద్దరి చేతులూ రంగు కడుక్కున్న టర్పెంటైను వాసన కొడుతున్నాయి.

పొలం తగువు ఒక్క పూటలో తీరిపోలేదు, అబద్ధం చెప్పను. ఆ బెంచీ మీదే చాలాసార్లు అరుచుకున్నారు. కాకపోతే ఎదురెదురుగా అరుచుకున్నారు, మా చేత మోయించలేదు. పంట కాలానికి బావగారు చెరువుకీ వరికీ మధ్య ఉప్పునీళ్లు పోయేలా లోతుగా బోదె తవ్వించారు. మా వరి మళ్లీ నిలబడింది. ఆ తర్వాత కుర్చీలు ఒక్క రోజులో ఆరేవి.

పెద్దకర్మ అయ్యాక బావగారు వరండాలోకి రావడం మానేశారు. మా ఆయన వెళ్లి పిలిస్తే "నువ్వు కూర్చో, నాకు బాగోలేదు" అనేవారు. మళ్లీ ఆ పాత రోజులొస్తాయేమోనని నాకు భయం పట్టుకుంది. ఆవిడ లేదు కదా ఇప్పుడు, ఉపాయం చెప్పడానికి. చేతకాకపోయినా నేనే పనిలోకి దిగాను. తుప్పు గోకాను, ప్రైమరు వేశాను, రంగేశాను, ఆ ఎర్ర గుడ్డ ఉతికి కుట్టి బిగించాను. నా కుట్లు చూస్తే ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. ఒంటరిగా కుడుతున్నా నవ్వొచ్చింది.

నిన్న సాయంత్రం కుర్చీలు సర్దుతుంటే వెనక తలుపు చప్పుడైంది. బావగారు. గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, ఒక కుర్చీ చేతి మీద వేలు పెట్టి చూసుకున్నారు.

"ఆరిందామ్మా?"

"ఆరింది బావగారూ, కూర్చోండి."

"అప్పుడూ ఆరిందిగా" అన్నారు. "మధ్యాహ్నం పూట మీరిద్దరూ పూస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

ఆయన నాలుగు కుర్చీలూ దాటుకుంటూ వెళ్లి, బెంచీ మీద తమ్ముడికి చోటు వదిలి, ఓ కొసన కూర్చున్నారు.