కాటా మేస్త్రీకి నచ్చని మాట

కాటా మేస్త్రీ ఏ త్రాసు ముందు కూర్చున్నా ముందు ఊపిరి బిగబడతాడు. ఖాళీ పళ్ళేల మధ్య ముల్లు ఊగి ఊగి నిలిచేదాకా వదలడు. ఇంట్లో ఎవరైనా ముఖ్యమైన సంగతి చెబుతున్నా అంతే, అలవాటు కొద్దీ బిగబట్టుకుని వింటాడు. ఊపిరి తీసుకోండి, నేనేం కాటాను కాను అంటుంది భార్య.

ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేసే త్రాసుల మరమ్మతు పనిని అడ్జస్ట్ చేయడం అంటారు. ఆయన లెక్కలో ఆ మాటకు ఒకటే అర్థం. మరను పావుచుట్టు తిప్పడం, ముల్లును నడిమి గీత మీదికి తేవడం. మిగతా లోకానికి ఆ మాట వంటింటి మసిగుడ్డ. ఏది ఒలికినా దానితోనే తుడుస్తారు. బస్సులో ఇద్దరి సీటు దగ్గరికి మూడో మనిషి వచ్చి, కాస్త అడ్జస్ట్ అవ్వండి అంటూనే కూర్చుంటాడు. రెండు రోజులు నీళ్ళు రావని చెప్పి ఇంటి ఓనరు అదే మాట అంటాడు. చొక్కా చంకల్లో పట్టేస్తోందంటే, తొడగ్గా తొడగ్గా అడ్జస్ట్ అయిపోతుందని కొట్టువాడు మడతపెట్టి ఇస్తాడు. ఒకసారి కూరగాయల వ్యాపారి తలుపు ఓరగా వేసి, కిలోకి వంద గ్రాములు అడ్జస్ట్ చెయ్యమని గొంతు తగ్గించి అడిగాడు. మేస్త్రీ ఆ కాటాను దుమ్ము కూడా దులపకుండా వాడి చేతుల్లో పెట్టి పంపాడు.

ఇంట్లోవాళ్ళను అలా పంపలేకపోయాడు.

ఎనిమిది నెలల కింద బావమరిది వచ్చాడు. వాచ్‌మన్ ఉద్యోగం, రాత్రి డ్యూటీ. పొద్దున ఏడింటికి వచ్చి పగలు పడుకోవాలి. ఉన్నవి రెండు గదులు. వెనక గదిలో కిటికీ మూల మేస్త్రీ బల్ల ఉండేది. అక్కడ వెలుతురు తిన్నగా పడుతుంది, ఎవరి అడుగుల అదురూ తగలదు. పది రోజులు అడ్జస్ట్ అవ్వండి అని భార్య బల్లను తలుపు దగ్గరికి జరిపించింది. ఆ మూలకు మంచం వచ్చింది, మంచం తలవైపు స్టూలు, స్టూలు మీద బావమరిది తెచ్చుకున్న టేబుల్ ఫ్యాను. మేస్త్రీ ఫ్యాను ఆపితే వాడు మూలుగుతూ లేచేవాడు.

"రాత్రంతా నిలబడి వచ్చాను బావా. నీ ముల్లుకున్నపాటి విలువ నా నిద్రకి లేదా?"

వాడన్నదీ తప్పు కాదు. అదే మేస్త్రీ ప్రాణానికి వచ్చింది. తప్పు చేసినవాణ్ణి తిట్టొచ్చు, నిద్ర చాలనివాణ్ణి ఏం తిడతాడు? మొదట్లో గాలికి వీపు అడ్డం పెట్టుకుని పనిచేశాడు. నడుం పట్టేసింది. కొన్నాళ్ళకు ఆ గాలి ఉందన్న సంగతే మరచిపోయాడు.

మందుల దుకాణం ఆవిడ చిన్న త్రాసు పంపింది అప్పుడే. పసిపిల్లలకు పొడులు తూచి పొట్లాలు కట్టే త్రాసు, ఊదితే కదులుతుంది. శుభ్రం చేసి చూస్తే ముల్లు గీతకు వెంట్రుకవాసి ఎడంగా నిలిచింది. అరుగుదల అనుకున్నాడు. మర తిప్పి గీత మీదికి తెచ్చి, సీలు వేసి పంపేశాడు.

మూడో రోజు ఆవిడ త్రాసును గుడ్డలో చుట్టుకుని తనే వచ్చింది. ఇంతవరకూ ఆయన చేతి పని వెనక్కి వచ్చింది లేదు. ఆవిడ కూర్చోలేదు.

"ఇంకో త్రాసులో మళ్ళీ తూచాను కాబట్టి సరిపోయింది మేస్త్రీ. ప్రతి పొట్లంలోనూ మందు ఎక్కువ పడింది. రేపు సాయంత్రానికి ఇది సరవ్వకపోతే ఇంకొకరిని చూసుకుంటాను. పిల్లల నోట్లోకి పోయేది కదా."

ఆవిడ వెళ్ళాక మేస్త్రీ త్రాసును బల్ల మీద పెట్టాడు. ముల్లు సరిగ్గా గీత మీద నిలబడింది. ఆయనకు మతి పోయింది. మంచం మీద బావమరిది గుర్రు పెడుతున్నాడు. చూసి చూసి చేయి చాచి ఫ్యాను ఆపాడు. ముల్లు మెల్లగా పక్కకు జరిగి అక్కడే ఆగిపోయింది.

తను త్రాసును సరిచేయలేదు. ఫ్యాను గాలికి సరిచేశాడు.

గాలి ఆగేసరికి బావమరిది మూలిగాడు. భార్య వంటింట్లోంచి వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆమె మీద గొంతు పెంచడం ఎరగడు, అప్పుడూ పెంచలేదు.

"ఈ గాలి మూలాన నేను పసిపిల్లల మందు తప్పు తూగేలా చేశాను."

ఆమెకు సగమే అర్థమైంది. వాడు మాత్రం ఎక్కడికి పోతాడండీ, అందరం కొంచెం, అని మొదలుపెట్టి ఆయన ముఖం చూసి ఆపేసింది. ఆ రోజు మేస్త్రీ అన్నం కలిపి తినకుండా లేచాడు. ఎవరి మీద కోపమో తేలక, ఉన్న కోపమంతా కంచం మీద చూపించాడు.

మర్నాడు పొద్దున బావమరిది డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా ఉంది. పక్క, దుప్పటి, ఫ్యాను దాని మీదే ఉన్నాయి. వెనక గదిలో బల్ల కాళ్ళు నేల మీద ఈడుస్తున్న చప్పుడు కిటికీ మూలదాకా వెళ్ళి ఆగింది.

"బావా, ఇక్కడ ఎండ మొహం మీద పడుతుంది. నేనెలా పడుకోను?"

మేస్త్రీ వెనక గది గుమ్మం దాకా వచ్చాడు. వాడి ఎర్రటి కళ్ళకేసి కాసేపు చూశాడు. తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడు.