కాదన్న నాయిక తరఫున

డాక్టర్ మార్జరీ థ్వెయిట్ పాత ఇంగ్లిష్ ప్రేమకవితలను పోలీసు వాంగ్మూలాల్లా చదువుతారు. బంగారు జుట్టు, ముత్యాల పళ్లు, రాతి గుండె తగిలినప్పుడల్లా కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. ఈ వేసవి పరీక్షల్లో పేరు కనిపించని ఒక జవాబుపత్రాన్ని, ఆనవాయితీ ప్రకారం, ఆమెతోపాటు సహోద్యోగి క్లైవ్ హార్‌బాటిల్ గారూ దిద్దారు. ఆ కవితల్లో నాయిక క్రూరురాలు కాదు, ఒప్పుకోలేదంతే అని అందులో ఉంది. ఆమె మొదటి తరగతి ఇచ్చారు, ఆయన ఫెయిల్ చేశారు.

"సాక్ష్యమేదీ, మార్జరీ? ఆవిడ కవితలో నోరే విప్పదుగా."

"మరి క్రూరురాలని నీకెవరు చెప్పారు, క్లైవ్?"

"కవే చెప్పాడు."

"కాదనిపించుకున్నవాడు ఇంకేం చెబుతాడు?"

హార్‌బాటిల్ తన మార్కు కొట్టేసి, మొదటి తరగతికే సంతకం పెట్టారు. గుమ్మం దగ్గర ఆగి, "నీకసలు జాలి లేదు," అన్నారు.

ఆయనకు కవిత్వం రాకపోవడం ఆమె అదృష్టం.