తెగిందని తెలుస్తుంది

"నీ సీలు ఎవడైనా తెంచేస్తే ఏమవుతుందోయ్?" అని మా నాన్న ఒకసారి మా మామయ్యని అడిగాడు.

"తెగిందని తెలుస్తుంది బావా."

"తెలిస్తే?"

"తెలుస్తుంది."

"అంతేనా?"

"అంతే."

"దీనికి నీకు జీతం, విమానం టిక్కెట్టూనా?"

మామయ్య కాసేపు ఆలోచించి, "రోజు భత్యం కూడా ఇస్తారు" అన్నాడు.

మా మామయ్య, అంటే మా అమ్మకి తమ్ముడు, కనపడిన ప్రతిదానికీ సీలు వేయకుండా ఉండలేని మనిషి. మిగతా విషయాల్లో ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు. ఈ ఒక్కదాంట్లో మాత్రం ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బా, జబ్బు వల్ల దొరికిన ఉద్యోగమా అన్నది మా ఇంట్లో చివరిదాకా తేలలేదు.

ఉద్యోగం ఏమిటంటే, అణ్వాయుధాలు పెరగకుండా చూసే ఒక అంతర్జాతీయ సంస్థలో ఇన్‌స్పెక్టరు. మా దగ్గరున్న సరుకుతో కరెంటు తీసుకుంటాం, బాంబులు చెయ్యం అని దేశాలు సంతకాలు పెడతాయి. ఆ మాట మీద నిలబడ్డారో లేదో ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. మామయ్య వెళ్ళి, సరుకున్న గదుల తలుపులకీ పెట్టెలకీ సీళ్ళు వేసి వస్తాడు. కొన్ని నెలలాగి మళ్ళీ వెళ్ళి, అవి అలాగే ఉన్నాయా అని చూస్తాడు. ఊళ్ళకి ఊళ్ళు బూడిద కాకుండా మనుషులు చేసుకున్న ఏర్పాట్లలో ఇదొకటి. దీని వెనకాల ఇంకేదో గట్టి ఏర్పాటు ఉండే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. లేదు.

ఆ సీలు కోటు బొత్తామంత ఉంటుంది. రెండు లోహపు మూతలు, వాటిలోంచి ఒక తీగ. మూత లోపలివైపు ముందే అడ్డదిడ్డంగా గీతలు గీకి, ఫొటో తీసి పెట్టుకుంటారు. విప్పి తెచ్చాక గీతలు ఫొటోతో కలిస్తే అదే సీలు, కలవకపోతే మధ్యలో ఎవరో మార్చారు. తెంచడానికి మాత్రం చిన్న కటింగ్ ప్లేయరు చాలు.

సంస్థ సీళ్ళు ఇంటికి తేకూడదు. అందుకని మామయ్య సోడా మూతలు పోగుచేశాడు, పాడైన ఫ్యాను మోటారులోంచి రాగి తీగ లాగాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాడు. ప్రయాణాలు లేని రోజుల్లో ఆ గదిలో కూర్చుని మూతల్లో మేకుతో గీతలు గీసి, వాటికీ ఫొటోలు తీసి పెట్టుకునేవాడు. తర్వాత అవి ఇల్లంతా పాకేవి. బిస్కెట్ల డబ్బాకి సీలు. ఫ్రిజ్‌కి సీలు. టీవీ రిమోట్‌లో బ్యాటరీలుండే మూతకి సీలు. ఒకరోజు నాన్న ఆఫీసుకి బయల్దేరి అలమర ముందు ఆగిపోయాడు.

"ఏమే, మీ తమ్ముడు నా బూట్లని కూడా అంతర్జాతీయ పర్యవేక్షణలోకి తీసుకున్నాడు."

"తెంచుకుని వెళ్ళు బావా, నేనేమీ అనను" అన్నాడు మామయ్య గదిలోంచి. "తెగిందని రాసుకుంటాను, అంతే."

నాన్న చెప్పులతో ఆఫీసుకి వెళ్ళాడు.

పక్కింటాయన సైకిలు పోయింది. మా ఇంట్లో ఇన్‌స్పెక్టరున్నాడని ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చాడు. మామయ్య శ్రద్ధగా విని, ఆయన కొత్త సైకిలు కొనుక్కునేదాకా ఆగి, దానికి సీలు వేసి వచ్చాడు. "ఈసారి పోతే, పోయిందని కచ్చితంగా తెలుస్తుంది" అని హామీ ఇచ్చాడు. ఆ తర్వాత పక్కింటాయన మాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

బిస్కెట్ల డబ్బా మాత్రం వారం తిరక్కుండా తెగేది. మామయ్య దాన్ని పైకెత్తి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసి, వంటింట్లోకి వినపడేలా ప్రకటించేవాడు.

"అక్కా, బిస్కెట్ల డబ్బా సీలు తెగింది."

"ఎవరు తెంచారురా?"

"ఎవరన్నది నా పని కాదు. జరిగింది చెబుతాను. మిగతాది బోర్డు చూసుకోవాలి."

బోర్డు అంటే అమ్మ. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, నన్నూ మా తమ్ముణ్ణీ ఎగాదిగా చూసి, "బోర్డు తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తోంది" అనేది. మామయ్య సంస్థ గురించి పేపర్లో వచ్చే వార్తల్లోంచి నాన్న ఏరి ఆవిడకి నేర్పిన వాక్యం అది. ఆందోళన వ్యక్తమయ్యాక అందరం భోజనానికి కూర్చునేవాళ్ళం. సంస్థని నడిపే అసలు బోర్డులోనూ ఇదే పద్ధతి అని మామయ్య చెప్పేవాడు.

మా తమ్ముడు ఒకసారి దొంగసీలు తయారుచేశాడు. పాత మూతని చూసి, అవే గీతలు కొత్త మూతలో గీసి, తీగ మార్చి, డబ్బా యథాస్థానంలో పెట్టాడు. మామయ్య మూత విప్పి, ఫొటో పక్కన పెట్టి, భూతద్దంతో చూశాడు. ఒక గీత ఎక్కువుంది. తమ్ముడు వీపు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. మామయ్య ముఖం వెలిగిపోయింది.

"చూశావా బావా, వీడికి మన సీలంటే ఎంత గౌరవమో. ఇంత కష్టపడి దొంగది చేశాడు."

"దొంగతనానికి మెచ్చుకుంటావేమిటోయ్?"

"దొంగసీలు వేసేవాడు ఇంకా సిగ్గుపడుతున్నాడని అర్థం. లెక్కలేనివాడు కటింగ్ ప్లేయరు పట్టుకొస్తాడు."

శాంతి సభలంటే మామయ్యకి చిరాకు. ఒక కాలేజీవాళ్ళు బతిమాలి తీసుకెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. ముఖ్య అతిథి రెండు పావురాలని ఎగరేశాడు. ఒకటి వెళ్ళి మైకు మీద వాలింది. దాన్ని తోలాక ఆయన చాలాసేపు మాట్లాడాడు. ప్రపంచానికి కావలసింది తనిఖీలు కాదట, ఒప్పందాలు కాదట, హృదయ పరివర్తనట. చప్పట్లు మోగాయి. తర్వాత మామయ్య లేచాడు.

"హృదయానికి తీగ ఎక్కడ కట్టాలో అయ్యగారు చూపిస్తే, వెళ్ళి కట్టొస్తాను" అని చెప్పి కూర్చున్నాడు.

ఆ సభలో మామయ్యకి కప్పిన శాలువా నాకు ఇప్పటికీ చలికాలంలో పనికొస్తోంది.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది.

మామయ్య ఏళ్ళ తరబడి వెళ్ళొచ్చిన దేశం ఒకటుంది. అక్కడ ఆయనకి ఒక తోడుండేవాడు. తోడంటే కాపలా. మామయ్య బాత్రూముకి వెళ్ళినా బయట నిలబడి ఉండేవాడు. అన్నేళ్ళు కలిసి నడిస్తే కాపలావాడితోనైనా మాటలు కలుస్తాయి. ఆయన కూతురి దగ్గు గురించి మామయ్యకి తెలుసు, మామయ్య మోకాలి నొప్పి గురించి ఆయనకి తెలుసు. ఒకరోజు పొద్దున ఆ తోడు కటింగ్ ప్లేయరుతో వచ్చాడు.

"మీరు నడవాలో నిలబడితే చాలండీ ఈ రోజు."

మామయ్య నిలబడ్డాడు. ఆ మనిషి ఒక్కొక్క తలుపు దగ్గరికీ వెళ్ళి సీళ్ళు తెంచుకుంటూ వచ్చాడు. టిక్కుమని తెగడం, తర్వాతి తలుపు, మళ్ళీ టిక్కు. అన్నీ ఒక కాగితం సంచిలో వేసి మామయ్య చేతికిచ్చాడు.

"మీ సంస్థ ఆస్తి. సరిచూసుకోండి."

"లోపల ఏం చేయబోతున్నారు?"

"నాకు చెప్పరండీ." కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకుంటూ, "మధ్యాహ్నం మీకు విమానం ఉంది" అన్నాడు.

"నా చొక్కాలు ఇస్త్రీకిచ్చాను."

"టైము లేదండీ."

మామయ్య ఒంటిమీద చొక్కాతో, ఆ సంచితో ఇంటికొచ్చాడు. భోజనాల బల్ల మీద సంచి పెట్టాడు. నాన్న లోపలికి తొంగిచూశాడు. నాన్న నోట్లో ఎగతాళి సిద్ధంగా లేని సందర్భం నేను చూసింది అదొక్కటే.

"ఇస్త్రీ అతనికి డబ్బులివ్వకుండా వచ్చేశాను బావా" అన్నాడు మామయ్య.

మరుసటి ఏడు ఆ దేశంలో ఒక కొండ కింద భూమి అదిరింది. అణు పరీక్ష విజయవంతమైందని వాళ్ళ టీవీలో నవ్వుతూ చెప్పారు. బోర్డు సమావేశమై తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నీకు తెలిసింది. బోర్డుకి తెలిసింది. లోకమంతటికీ తెలిసింది. ఇప్పుడేం చేద్దామోయ్?"

"ముందు తెలియాలి కదా బావా."

"ఆ తర్వాత?"

మామయ్య లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యా నాన్న గెలిచిన వాదన అదొక్కటే. గెలిచినందుకు ఆయన ముఖం చాలా రోజులు మాడిపోయి ఉంది.

మామయ్య రిటైరై, ఊరికి ఆ చివర చిన్న ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాడు. సోడా మూతల సీసా తీసుకెళ్ళాడు గానీ గీతలు గీయడం మానేశాడు. మా బిస్కెట్ల డబ్బా ఏ సీలూ లేకుండా బల్ల మీద పడి ఉండేది. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

తర్వాత నాన్న పోయాడు. సాయంత్రం నడకకి వెళ్ళొచ్చి, కుర్చీలో కూర్చుని బూట్ల లేసు విప్పుకుంటూ, ఒక బూటు ఇంకా కాలికి ఉండగానే. అమ్మ ఏడవలేదు, మాట్లాడ్డమూ మానేసింది. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. డాక్టరు నిద్ర మాత్రలు రాసిచ్చాడు. ఒక మధ్యాహ్నం మా తమ్ముడు గదిలోకి వెళ్ళేసరికి అమ్మ ఆ మాత్రలన్నీ అట్టల్లోంచి ఒలిచి ఒళ్ళో పోసుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదు" అంది అమ్మ.

తమ్ముడు మాత్రలన్నీ ఎత్తుకుని బయటికొచ్చి, ఆఫీసులో ఉన్న నాకు ఫోను చేశాడు, నేను మామయ్యకి చేశాను. సాయంత్రానికి మామయ్య వచ్చాడు, జేబులో సోడా మూతలతో. మాత్రలన్నీ ఒక రేకు డబ్బాలో పోసి, ఆ రాత్రికి ఒకటి బయట పెట్టి, డబ్బాకి తీగ కట్టి సీలు వేశాడు. అమ్మ కళ్ళెదురుగానే వేశాడు.

"రేపొచ్చి చూస్తానక్కా" అన్నాడు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

తమ్ముడికి ఒళ్ళు మండింది. వీధి గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"మామయ్యా, ఇది బిస్కెట్ల డబ్బా కాదు. తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకుంటాను. నీకు రెండు బస్సులు మారే పనీ తప్పుతుంది."

"తాళం వేసినవాడు మళ్ళీ రాడురా. వేశాం కదా అని నిద్రపోతాడు. సీలు వేసినవాడు రావాలి."

"తెంచితే?" అన్నాను నేను. నాన్న అడిగిన ప్రశ్నే.

"తెగిందని తెలుస్తుంది."

"తెలిసేసరికి ఆలస్యమైతే?"

ఆయన చేతిలోని కటింగ్ ప్లేయరుని రెండుసార్లు తెరిచి మూశాడు. "అందుకే రోజూ వస్తాను" అన్నాడు.

రోజూ వచ్చాడు. ఎండలో, వానలో, మోకాలికి పట్టీ కట్టుకుని. వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మూత గీతలు చూసి, "సీలు భద్రం" అని ప్రకటించి, తన చేత్తో తెంచి, రాత్రికి ఒక మాత్ర తీసి, కొత్త మూతతో మళ్ళీ సీలు వేసేవాడు. ఆ పని క్షణాల్లో అయ్యేది. తర్వాత అమ్మ మంచం పక్కన కూర్చుని సాయంత్రందాకా సోడా మూతల్లో గీతలు గీసుకునేవాడు. మేకు గీకుడుకి నా పళ్ళు జివ్వుమనేవి. అమ్మ ఏమీ అనేది కాదు. చుట్టాలు నవ్వారు. ముసలాయనకి ఉద్యోగం పోయినా చాదస్తం పోలేదన్నారు. నాకూ అలాగే అనిపించింది. పెద్ద పెద్ద దేశాలే ఒక్క పూటలో తెంచి పారేసిన సీలు, బతుకు మీద ఆశ వదులుకున్న మనిషిని ఆపుతుందా?

ఒకరోజు బస్సులవాళ్ళు సమ్మె చేశారు. మామయ్య ఫోను చేసి రాలేనన్నాడు. తమ్ముడు ఆ మాట అమ్మకి చెప్పి, రోజంతా గది గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు. కాస్త కునికినట్టున్నాడు.

మర్నాడు పొద్దున్నే మామయ్య వచ్చి డబ్బా ఎత్తాడు. తీగ తెగి వేలాడుతోంది.

జీవితంలో మొదటిసారి ఆయన ప్రకటించలేదు. డబ్బా బల్ల మీద బోర్లించాడు. ఒక్కొక్క మాత్రా వేలితో పక్కకి జరుపుతూ చూశాడు. ఉండవలసినవన్నీ ఉన్నాయి.

"అక్కా," అన్నాడు. "ఎవరు తెంచారు?" ఎవరని అడగడం కూడా అదే మొదటిసారి.

"నేనే."

"ఎందుకే?"

అమ్మ లేచి కూర్చుంది. జుట్టు వెనక్కి దువ్వుకుంది.

"నిన్న రాలేదేం? సీలు వేసి పోతే సరిపోయిందా? చూడ్డానికి రావద్దూ? బస్సులు లేకపోతే నడవలేవా? నేను పొద్దుణ్ణించీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. అంత తీరిక లేనివాడివి అసలు సీలు వేయడమెందుకురా?"

నాన్న పోయాక అమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యాలవి. మామయ్య బిత్తరపోయి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు రాలేదని సీలు తెంచినవాళ్ళు ఆయన సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు.

"మోకాలు నొప్పక్కా" అన్నాడు చివరికి.

"అదేం కుదరదు," అంది అమ్మ. "బోర్డు తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తోంది."

ఆందోళన వ్యక్తమయ్యాక భోజనానికి కూర్చోవాలి కదా. కూర్చున్నాం. అమ్మ కూడా.

ఇప్పుడు ఆ డబ్బాలో మాత్రలు లేవు, సూదులూ బొత్తాలూ ఉన్నాయి. అయినా దానికి సీలుంది. మామయ్య ఇప్పటికీ రెండు బస్సులు మారి వస్తాడు. ఆయన ముఖం చూడాలనిపించినప్పుడు అమ్మ వేళాపాళా లేకుండా కత్తెరతో తీగ తెంచి, ఫోను చేసి, "తెగిందిరా" అంటుంది. "ఎవరు?" అని ఆయన అడగడు. పాత పద్ధతే మంచిదట.

మొన్న ఆ దేశంతో మళ్ళీ చర్చలు మొదలయ్యాయని పేపర్లో వచ్చింది. ఒప్పందం కుదిరితే ఇన్‌స్పెక్టర్లని రానిస్తారట. కుదురుతుందని నేను అనుకోను. కొండ కింద తయారైనవి తయారై ఉన్నాయి. అమ్మ మాత్రం పేపరు మామయ్య ముందుకి తోసింది.

"నిన్ను పిలుస్తారా?"

"నన్నెందుకు పిలుస్తారు, ఈ మోకాలితో? కుర్రాళ్ళు వెళతారు. వెళ్ళేవాడెవడో కనుక్కుని ఒక చిరునామా ఇవ్వాలి."

"ఎవరిదిరా?"

మామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. అక్కడి ఇస్త్రీ కొట్టు అతనికి ఆరు చొక్కాల డబ్బులు ఇంకా బాకీ.