మాకంటే ముందు ఒడ్డు చేరిన టీసీ

జూలై నెల, మంగళవారం ఉదయం, సఖినేటిపల్లి రేవు. హాజరైనవారు: నాన్నగారు (కోపంగా), బామ్మ (నరసాపురంలో చెల్లెల్ని చూడ్డానికి), మలికిపురం కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, ఒక టీచరమ్మగారు, జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే సరంగు, నేను, నా టీసీ.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరున్నారో ముందు రాసుకుంటే గానీ ఏం జరిగిందో రాయలేని అలవాటు నాది. కాగితం ముక్కని మనుషుల వరసలో ఎందుకు చేర్చానంటే, ఆ ప్రయాణం నిజానికి దానిదే. మేమంతా దానికి తోడు వెళ్ళాం.

ఆ రోజుల్లో ఇంటర్ పాసైన కుర్రాడు ఊరందరి ఉమ్మడి ఆస్తి. వాడు ఏం చదవాలో వాడికి తప్ప అందరికీ తెలిసేది. మా నాన్నగారు రైసు మిల్లులో గుమస్తా. కలం పట్టుకున్నవాడికి ఎండ తగలదని ఆయన సిద్ధాంతం (ఆ మిల్లు రేకుల షెడ్డులో ఆయన కలం పట్టుకునే ఉడికిపోయేవారు, అది వేరే సంగతి). అందుకని నేను నరసాపురం కాలేజీలో బి.కాం. చదవాలి. నాకేమో ఐటీఐలో డీజిల్ మెకానిక్ సీటు వచ్చింది. వేసవి సెలవులన్నీ రాజోలులో పొలాల ఇంజన్లు బాగుచేసే షాపులో గడిపేవాణ్ణి. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. అది ఎండాకాలం వచ్చే సెగ్గడ్డలాంటిదనీ, నాలుగు వానలు పడితే అణిగిపోతుందనీ ఆయన నమ్మకం. వానలు పడ్డాయి గానీ అది అణగలేదు. చిక్కంతా టీసీతో వచ్చింది. పాత కాలేజీ వదిలినట్టు ఇచ్చే ఆ కాగితం ఒక్కటే ఉంటుంది. ఏ కిటికీలో ఇస్తే ఆ చదువుకే మనం సొంతం. దాన్ని మార్కుల కాగితాలతో కలిపి గుడ్డసంచిలో పెట్టి, ఆ సంచి నా చేతికివ్వకుండా తనే పట్టుకుని, నాన్నగారు పంటు ఎక్కారు.

పంటు కదలగానే నా భవిష్యత్తు మీద చర్చ కూడా కదిలింది. మొదలుపెట్టింది బామ్మే. పక్కనున్న టీచరమ్మగారితో, "చూడమ్మా, బంగారంలాంటి పిల్లాడు. ఇంజన్లు తుడుస్తానంటున్నాడు" అంది, నాకేదో జబ్బు చేసినట్టు. టీచరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని నావైపు జాలిగా చూశారు. "తప్పేముందండీ, పనే కదా. కాకపోతే ఆఫీసు ఉద్యోగమైతే నెల తిరిగేసరికి జీతం, పెద్దయ్యాక పింఛను. పనివాడికి ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళే కదండీ" అన్నారు. కొబ్బరికాయల వ్యాపారి ఊరుకోలేదు. "ఆయ్, నిజమేనండి. కానీ మా ఊళ్ళో డిగ్రీలు చదివినోళ్ళు అరుగుల మీద కూర్చుని పేపరు పంచుకుంటున్నారండి. మోటారు బాగుచేసేవాడు కావాలంటే మాత్రం మూడూళ్ళు తిరగాలి. చేతిలో పనుంటే ఆకలుండదండి. నడుం కూడా ఉండదనుకోండి."

"నడుం సంగతి తర్వాత. పిల్లనెవరిస్తారు?" అంది బామ్మ. "అన్నానికి ముందు అరగంట చేతులు కడుక్కునేవాడికి ఏ తల్లి వడ్డిస్తుంది?"

నాన్నగారు ఏటి వైపు చూస్తూ, "మావాడు అకౌంట్లు చదువుతాడండి" అని మాత్రం అన్నారు. ఆయన తీర్పు చెప్పేశాక ఇక వాదనలెందుకని కాబోలు, సరిగ్గా వశిష్ఠ గోదావరి మధ్యలో పంటు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

సరంగు లంగరు వేసి, ఇంజను మూత తీసి, దాన్ని దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాడు. హేండిలు తిప్పాడు. ఒక తన్ను తన్నాడు. అది ఉలకలేదు. మధ్యాహ్నానికి కాలేజీలో కిటికీ మూసేస్తారు, చేరడానికి అదే ఆఖరి రోజు. నాన్నగారు అవతలి ఒడ్డుని చూస్తున్న తీరుకి, కళ్ళతోనే లాగేస్తారేమో అనిపించింది. ఇంతలో అటువైపు నుంచి ఒక చిన్న నావ వచ్చి పంటు పక్కన ఆగింది. "నలుగురు పడతారండి, తొరగా ఎక్కండి. అవతల నాకు వేరే బేరముంది" అన్నాడు నావవాడు.

నాన్నగారు చటుక్కున వంగి నావ బల్ల మీద సంచి పెట్టేశారు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మా కోనసీమలో పుట్టుకతో వచ్చే విద్య. సంచి పడితే సీటు మనదే, ఇక తాపీగా మర్యాదలు చేసుకోవచ్చు. ఆ మర్యాదల దగ్గరే కొంప మునిగింది.

"టీచరమ్మగారూ, ముందు మీరెక్కండి" అన్నారు నాన్నగారు.

"అయ్యో, పెద్దావిడ ఉండగా నేనెక్కితే బాగుంటుందండీ? ముందావిణ్ణి ఎక్కించండి."

"నాకేం తొందరమ్మా, మా చెల్లెలు ఎక్కడికీ పారిపోదు" అంది బామ్మ. "ఆ వ్యాపారస్తుణ్ణి పంపండి. పాపం ఎవరో ఎదురుచూస్తుంటారు."

"భలేవారండీ. ఆడవాళ్ళని ఏట్లో వదిలేసి వచ్చానని తెలిస్తే మలికిపురంలో నాకు కాయ అమ్ముతారా? బాబుగారూ, మీరెక్కండి. కుర్రాడి చదువు మాట."

అప్పుడు నాన్నగారు "సరేనండి" అనాలి. ప్రాణం సగం నావలోనే ఉంది, కాలు కూడా లేచింది. నోరు మాత్రం, "అబ్బే, మాదేముందండి" అంది. దాంతో అందరూ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. రెండో చుట్టు పూర్తయ్యేలోగా నావవాడికి ఓపిక అయిపోయింది. "మీరు తేల్చుకుంటూ ఉండండి, మళ్ళీ వస్తాను" అని గెడతో ఒక్క తోపు తోశాడు. మేమందరం మర్యాదగా చెయ్యి ఊపాం. నాన్నగారు కూడా ఊపారు. ఊపుతున్న చెయ్యి ఖాళీగా ఉందని ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఏవయ్యా, సంచీ..."

"ఆయ్, రేవులో దింపేస్తాలెండి" అని గొంతు వినపడింది. బల్ల మీద మా సంచి ఒక్కటే, మహారాజులా కూర్చుని వెళ్ళిపోయింది.

ఉన్నమాట చెప్పాలంటే మొదట నా మనసు కేరింత కొట్టింది. టీసీ లేదు కాబట్టి బి.కాం. లేదు. ఆ వెంటనే రెండో లెక్క తట్టింది: టీసీ లేకపోతే ఐటీఐ కూడా లేదు. ఇంజను ఆగి ఉంటే ఆ సంచి ఎవరి పాలవుతుందో తెలీదు. ఇంజను కదిలితే సంచి దొరుకుతుంది, నాన్నగారు నన్ను నేరుగా కాలేజీకి నడిపిస్తారు. నా గొయ్యి నేనే తవ్వుకోవాలన్నమాట, అదీ తొందరగా. ఇంకాసేపు ఆలోచించి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలీదు గానీ, సరంగు మళ్ళీ హేండిలు తిప్పినప్పుడు ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడులా అనిపించింది. అంతే, నా కాళ్ళు అటు వెళ్ళిపోయాయి.

"బాబాయ్, నన్నొకసారి చూడనిస్తారా?"

"నువ్వా? ఇది చేలో నీళ్ళు తోడేది కాదబ్బాయ్."

"పెద్దదే గానీ, ఇదీ తాగేది డీజిలే కదండీ."

"చూడనివ్వవయ్యా" అన్నాడు వ్యాపారి. "ఇంతకన్నా ఆగిపోయేదేముంది?"

డీజిలు వచ్చే గొట్టంలో గాలి చేరితే ఇంజను ఊపిరాడనట్టు దగ్గి ఆగుతుంది. రాజోలు షాపులో నాకు వచ్చిన నాలుగు పనుల్లో ఇది ఒకటి (మిగతా మూడూ ఊడ్చడం, తుడవడం, టీ తేవడం). గొట్టం దగ్గర బోల్టు కాస్త వదులు చేసి, పక్కనున్న చిన్న పంపు నొక్కుతూ పోయాను. నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, కాసేపటికి డీజిలు చిక్కగా కారింది. కొంత నా చొక్కా మీద, కొంత మొహం మీద. బోల్టు బిగించి తల ఊపాను. సరంగు హేండిలు తిప్పాడు. పొగ కక్కుకుని ఇంజను అందుకుంది.

పంటు మీద వాళ్ళేమన్నారో నాకు సరిగా తెలీదు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. కాలేజీ గుర్తులేదు, ఐటీఐ గుర్తులేదు, సంచి అసలే గుర్తులేదు. తలెత్తితే నాన్నగారు నావైపే చూస్తున్నారు. వెంటనే ఏటి వైపు తిరిగిపోయారు.

సంచి రేవులో టీ కొట్టు బల్ల మీద భద్రంగా ఉంది. "ముందు మనుషుల్ని ఎక్కించుకోవాలండి, సంచులు తర్వాత" అని కొట్టువాడు ఉచితంగా బోధ చేశాడు. కిటికీ మూసేలోగానే కాలేజీ చేరాం. నా చేతులు చూసి కాగితాలు ముట్టుకోవద్దన్నాడు కాలేజీ గుమస్తా. నాన్నగారే దరఖాస్తు నింపి, టీసీ లోపలికి ఇచ్చేశారు. అలా నేను బి.కాం. విద్యార్థినయ్యాను. బామ్మని చెల్లెలింట్లో దింపి, అదే పంటు మీద ఇద్దరం తిరిగొచ్చాం. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఈమధ్య మా వీధిలో ఒకాయన, "మా అబ్బాయిని ఐటీఐలో వెయ్యమంటారా, లాభమేనంటారా?" అని అడిగారు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేరి, అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ణి, ఏం చెప్పను? మోకాళ్ళు పోయాయి. ఎడమ చెవి సగం పనిచేస్తుంది (మా ఆవిడ ఆ వైపు కూర్చుని మాట్లాడినప్పుడు అదీ లాభంలోకే వస్తుంది). బామ్మ భయపడినట్టు కాక పిల్లనిచ్చారు. ఆ పిల్ల నా బనీన్లు ఇప్పటికీ విడిగానే ఉతుకుతుంది. ఆగిపోయిన బండి నా చేతికింద కదిలితే వచ్చే సంతోషం మాత్రం పాతబడలేదు. అంతా విని, "అయితే వెయ్యమంటారా, వద్దంటారా?" అన్నారాయన. కుర్రాణ్ణి అడిగారా అన్నాను. ఆ మాట ఆయనకి తట్టనేలేదట.

నేను బి.కాం.లో చేరిన మర్నాడు పొద్దున్న లేచేసరికి నాన్నగారు కాఫీ కూడా తాగకుండా చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చెప్పులు వెతుక్కుంటూ అన్నారు: "నిన్న ఇంజను దగ్గర నీ మొహం చూశాన్రా. తర్వాత కాలేజీ కిటికీ దగ్గర కూడా చూశాను. పద, ఆ టీసీ వెనక్కి తెచ్చుకుందాం. ఏం చెప్పి అడగాలో దారిలో ఆలోచిద్దాం."

పంటు మీద ఆలోచన మొదలుపెట్టలేదు. సగం ఏరు దాటాక, "అసలది ఎందుకు ఆగిందిరా?" అని అడిగారు. నేను అవతలి ఒడ్డు దాకా చెప్పుకుంటూ పోయాను: గాలి ఎలా చేరుతుందో, డీజిలు ఎలా మండుతుందో, చక్రం ఎందుకు తిరుగుతుందో, అన్నీ, అడగనివి కూడా. ఆయన అప్పటి వయసు నేనెప్పుడో దాటేశాను. ఆ రోజు చెప్పినదాంట్లో సగం తప్పని ఇప్పుడు నాకు తెలుసు. నాన్నగారు మాత్రం నా మొహంలోకి చూస్తూ, ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూ రేవు వచ్చేదాకా విన్నారు.